బాతులకంటే ముందే చేరిన నలభై కండువాలు

కొత్తకోట దిక్కు చెరువుల మీదికి చలికాలంలో దూరదేశపు పక్షులు వస్తాయని, వెళ్లి చూసి రావాలని అనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. తొందరపడకండి. మేము తొందరపడి వెళ్లాం కాబట్టి చెబుతున్నాను. హిమాలయాలు దాటి రావలసిన బాతుకే లేని తొందర, భువనగిరిలో బస్సెక్కే మనకెందుకు?

మాది భువనగిరి దగ్గర మగ్గాల ఊరు. మా ఆయన నేస్తాడు. నేనూ మా అత్తమ్మా చిటికి కడతాం. అంటే, నేయకముందే నూలు మీద బొమ్మ ఎక్కడ రావాలో చూసుకుని అక్కడ రబ్బరు ముక్కలతో గట్టిగా ముడులు వేసి రంగులో ముంచుతాం. ముడి ఉన్నచోట రంగు అంటదు. తర్వాత నేస్తుంటే బొమ్మ దానంతటదే తేలుతుంది. ఈ పనిలో ఒకే ఒక్క ఇబ్బంది ఉంది. నూలు రంగులో మునిగాక మనసు మార్చుకోవడానికి వీల్లేదు.

ఆ సంగతి పక్షుల పండుగ కన్వీనర్ సారుకు ఫోనులోనే చెప్పాను. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. కొత్తకోట దగ్గర తమ ఊరి చెరువు గట్టున పండుగ చేస్తున్నామని, వచ్చే అతిథులకు కప్పడానికి నలభై కండువాలు కావాలని అడిగారు. రెండు కొసలకూ బాతుల వరుస ఉండాలి, ఒక కొసన బాతుల కింద పండుగ తేదీ ఉండాలి.

“తేదీ వద్దు సార్. నూలుల పడ్డదంటే మల్ల మారది,” అన్నాను.

“ఎందుకు మారుతుందమ్మా? వాటికి మనలాగా సెలవులు, ఎలక్షన్లు లేవు. ఏటా అదే వారంలో వస్తాయి. రికార్డు ఉంది.”

రికార్డు ఉందన్న మాటకు మన దగ్గర ఎదురుమాట లేదు. కట్టాను.

బాతుల వరుస మాత్రం అత్తమ్మ కట్టింది. సారు ఫోనుకు పంపిన ఫొటోలో బూడిదరంగు బాతు, తెల్లని తల మీద రెండు నల్లగీతలు. అత్తమ్మ దాన్ని పెద్దది చేయించి, చిన్నది చేయించి, చివరికి, “గీతలు సరే. మెడ గిట్లనే ఉంటదా, ఫొటోల గిట్ల వడ్డదా?” అని అడిగింది. నాకేం తెలుసు? ఆమె డెబ్బై ఏళ్ల మనిషి. కార్తీకంలో కుడికన్ను ఆపరేషన్ అయింది. ఆ కొత్త చూపుతో ఇంట్లో చూడవలసినవన్నీ రెండు రోజుల్లో చూసేసింది: గోడ చెమ్మ, కొడుకు నెత్తి మీది తెల్లవెంట్రుకలు, నేను కందిపప్పులో వదిలేసిన రాళ్లు. ఇక చూడటానికి ఏమీ మిగల్లేదు.

“యాభై ఏండ్ల సంది హంసలు కడుతున్న, పిల్లా. ఒక్క హంసనన్న కండ్ల జూడలె. గీ బాతునన్న జూస్త. నేను గూడ వస్త,” అంది.

కండువాలు పార్సెల్ వేద్దామనుకున్నదాన్ని, మూట కట్టుకుని అత్తమ్మతో బయల్దేరాను.

భువనగిరి బస్టాండు

ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదన్న సంగతి అందరికీ తెలుసు. మూటకు ఉందన్న సంగతి కండక్టర్ చెబితే తెలిసింది.

“మీకు జీరో టికెట్టమ్మా. గీ మూటకు మాత్రం లగేజీ పడతది.”

అత్తమ్మ మూటను ఒళ్లోకి లాక్కుంది. “మూట గూడ ఆడదే బిడ్డా. ఆడోళ్లు కట్టిన నూలు, ఆడోళ్లు కట్టిన మూట. జీరోనే గొట్టు.”

బస్సంతా నవ్వింది. కండక్టరూ నవ్వి, నవ్వుతూనే లగేజీ టికెట్ కొట్టాడు. ఆ టికెట్‌ను అత్తమ్మ నల్గొండ దాకా కొత్త కన్నుతో చదువుతూనే ఉంది. మార్గశిర మాసం, పొద్దున తొమ్మిది గంటలు. బస్సు కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. పక్క సీటావిడ కొంగుతో విసురుకుంటోంది. పదేళ్ల కిందట ఇదే రోజుల్లో ఇదే దారిన దుప్పటి కప్పుకుని వెళ్లిన గుర్తు నాకుంది. చెబితే ఎవరూ నమ్మలేదు, అత్తమ్మతో సహా.

నల్గొండలో ఊలు టోపీ

నల్గొండలో మా చిన్నత్త ఇంట్లో దిగాం. చిన్నత్త రగ్గులు ఉతికి, ఎండేసి, మడతపెట్టి, మాకోసం ఫ్యాను వేసింది. సాయంత్రం గాలి తగులుతుందేమోనని నేనూ అత్తమ్మా గడియారం చౌరస్తా దాకా నడిచాం.

అక్కడ రోడ్డు పక్కన తాళ్లకు స్వెట్టర్లు వేలాడదీసిన దుకాణాల వరుస. ప్రతి చలికాలం ఉత్తరాది కొండల నుంచి వచ్చి పెట్టుకుంటారు. ఒక దుకాణంలో గుండ్రటి మొహం, ఎర్రటి బుగ్గలున్న పెద్దావిడ స్టూలు మీద కూర్చుని ఊలు టోపీతో విసురుకుంటోంది. ఆ టోపీకి ఆ సాయంత్రం దొరికిన పని అదొక్కటే. ఆమె పేరు పేమా. పాతికేళ్లుగా నల్గొండ వస్తోందట. తెలుగూ ఉర్దూ కలిపి, మాకంటే వేగంగా మాట్లాడుతోంది.

“చలి బంద్ అయిపోయింది అమ్మా. జర కొనుండ్రి. వచ్చే ఏడు వస్తదేమో చలి, అప్పుడు తొడుక్కోండి.”

అత్తమ్మకు ఆమె మీద జాలి వేసిందో, తోటి నూలు మనిషని అభిమానం పుట్టిందో, మూడు వందల టోపీని నూట యాభైకి బేరమాడి కొంది. కూర్చోమంటే కూర్చుంది. నా సంచిలో నమూనాకని పెట్టుకున్న ఒక కండువా తీసి, “మేం గూడ గిదే పని,” అని చూపించింది.

పేమా కండువా మీద వేలు పెట్టి నిమిరింది. “నంగ్పా!” అంది. నంగ్పా అంటే ఈ బాతేనట. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పింది. వాళ్ల ఊరు ఎత్తయిన కొండల మధ్య చెరువు ఒడ్డున ఉందట. ఈ బాతులు ఎండాకాలం అక్కడ గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, చెరువు గడ్డకట్టే ముందు లేచి దక్షిణానికి పోతాయట. చిన్నప్పుడు వాళ్లమ్మ, “నంగ్పా పోయింది, సామాన్లు కట్టు,” అనేదట. బాతు వెళ్లిన వారానికి వీళ్లూ స్వెట్టర్ల మూటలతో బస్సెక్కేవాళ్లు.

“మరి గీ ఏడు ఎప్పుడు లేచినయి?” అత్తమ్మ అడిగింది.

“ఎక్కడ లేచినయి? నేను బస్సెక్కిన్నాడు అక్కడే ఉన్నయి. నీళ్లు గడ్డకట్టలే. గడ్డి ఉంది. ఎందుకు వస్తయి? నేను వచ్చిన, పైసల కోసం. వాటికి పైసలు అక్కర్లే.”

అత్తమ్మ నా మొహం చూసింది. నేను సంచిలోంచి అచ్చువేసిన ఆహ్వానపత్రిక తీసి చూశాను. అందులో ఆదివారం అని స్పష్టంగా ఉంది. బాతుల ఇంటి పక్కన ఉండే మనిషి మాటకంటే, అచ్చయిన కాగితం మాట గట్టిదని నమ్మే చదువు నాది. మర్నాడు పొద్దున్నే కల్వకుర్తి దారి పట్టాం.

కల్వకుర్తిలో చలికాలపు వాన

దేవరకొండలో బస్సు మారేటప్పుడు జొన్నరొట్టె, పల్లీల చట్నీ తిన్నాం. రొట్టె పదిహేను రూపాయలు, చట్నీ అడిగినంత. దక్షిణానికి పోయేకొద్దీ పల్లీ రాజ్యం మొదలవుతుంది. మా దిక్కు పల్లీ కాలక్షేపానికి తినేది. పాలమూరు దిక్కు అది లేకుండా ఏదీ ఉడకదు. కూరలో పల్లీ పొడి, పులుసులో పల్లీ పొడి. టీలో వేయలేదని అత్తమ్మ ఆశ్చర్యపోయింది.

కల్వకుర్తిలో దిగగానే వాన. తుంపర కాదు, ఆషాఢంలో పడేలాంటి వాన. రోడ్డు మీద పత్తి బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. రైతులు ఒంటి మీది కండువాలు తీసి పత్తి మీద కప్పుతున్నారు. నా నలభై కండువాలు మూటలో, మూట నెత్తి మీద, నెత్తి వానలో. పక్క దుకాణం గోడకు సగం ఊడి వేలాడుతున్న ఫ్లెక్సీ ఒకటి కనిపించింది. అడిగితే దుకాణాయన, “తీస్కపో అక్కా, రెండు రోజుల సంది మొహానికి కొడుతాంది,” అన్నాడు. లాగి మూటకు చుట్టేశాను.

చెట్టు కింద నిలబడ్డాక అత్తమ్మ మూటను తేరిపార చూసింది. “పిల్లా, గిది మన పండుగదే గదా?”

మాదే. ‘వలస పక్షులకు స్వాగతం’ అని పెద్ద అక్షరాలు. కింద రాజహంసల ఫొటో. ఆ చెరువుకు రాజహంసలు ఎన్నడూ రాలేదని తర్వాత తెలిసింది, కానీ ఫ్లెక్సీ వేసినాయన దగ్గర ఉన్న ఫొటో అదేనట. వాటి చుట్టూ పద్నాలుగు మంది పెద్దమనుషుల ఫొటోలు. పక్షులకంటే వాళ్లే నిండుగా ఉన్నారు. తేదీ ఉండవలసిన చోట తెల్లకాగితం అతికించి, స్కెచ్ పెన్నుతో కొత్త తేదీ రాశారు. పండుగ నెలరోజులు వాయిదా పడింది. ఆ సంగతి కల్వకుర్తి గోడకు తెలుసు, కండువాలు నేసిన మాకు తెలియదు.

సారుకు ఫోన్ చేశాను. అందుబాటులో లేరు. నాకు ఏడుపొచ్చింది. నలభై కండువాల మీద నలభై సార్లు పాత తేదీ, చెరగకుండా, వెలవకుండా, మా ఇంటి గ్యారంటీతో.

“వాపస్ పోదామా అత్తమ్మా?”

“మూట తడవలె. మనం తడిసినం. వాపస్ పోతే ఆరుతమా? పా, ముందలికే పా.”

కొత్తకోటలో రెండు పుస్తకాలు

కొత్తకోట హైవే ఊరు. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయేవాళ్లు టీకి ఆగి, ఇది ఏ ఊరో చూడకుండానే వెళ్లిపోతారు. అక్కడికి చేరేసరికి చీకటి పడింది. ఒక మహిళా సంఘం గదిలో పడుకుని, మూడోరోజు పొద్దున, కొత్తకోటలోనే ఉంటున్న సారు ఇంటికి వెళ్లాం.

సారు మంచి మనిషి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత సంగతులు వింటే మీకు అనుమానం రావచ్చు. ఆయన ముందుగదిలో టోపీలు, బ్యాడ్జీలు, జ్ఞాపికలు గుట్టలుగా ఉన్నాయి. అన్నిటి మీదా పాత తేదీ. సారూ, ఆయన భార్యా నేల మీద కూర్చుని వాటి మీద కొత్త తేదీ స్టిక్కర్లు అతికిస్తున్నారు. మమ్మల్ని చూడగానే సారు మొహం వాడిపోయింది.

“ఫోన్ చేద్దామనుకుంటూనే ఉన్నానమ్మా. ఏ మొహంతో చేసేది?” అని కండువా చేతిలోకి తీసుకున్నారు. “వీటికి స్టిక్కరు అతకదు కదూ?”

“అతకది సార్.”

“ఉతికితే పోతుందా?”

“పోకుంట ఉండాల్ననే గదా సార్ మీరు మా దగ్గరికొచ్చింది.”

సారు కండువాను తిరిగి మడతపెట్టసాగారు. అత్తమ్మే అడిగింది. “రికార్డు ఉందంటివి గద సారూ. ఏది, సూపియ్యి.”

ఆయన ఒక పెద్ద రిజిస్టరు తెచ్చారు. బాతులు వచ్చిన తేదీ, పోయిన తేదీ, రిమార్కులు. మొదటి పేజీలో ఒక తేదీ ఉంది. తర్వాత ప్రతి ఏడూ ‘పై విధముగానే’. ఎవరి చేతిరాత మారినా ఆ మాట మాత్రం మారలేదు.

“పైకి పంపేది ఇదమ్మా. ఒక ఏడాది నేను నిజం తేదీ రాసి పంపాను. పోయినేడాదికీ దీనికీ తేడా ఎందుకొచ్చిందో సంజాయిషీ రాసి పంపమన్నారు. బాతు తరఫున నేనేం రాసేది?”

తర్వాత లోపలికి వెళ్లి, బడిపిల్లలు రాసుకునే సన్న పుస్తకం ఒకటి పట్టుకొచ్చారు. అది ఆయన సొంతం. ప్రతి ఏడూ బాతు మొదట దిగిన రోజు ఏదో, ఆ రోజు చెరువులో నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయో, చలి ఉందో లేదో పెన్సిలుతో రాసుకున్నారు. మొదటి పేజీల్లో దీపావళి సెలవులు. కొన్ని పేజీలు తిప్పాక కార్తీక పున్నమి. ఇంకొన్ని తిప్పాక పున్నమి దాటిన రెండు వారాలు. ఈ ఏటి పేజీ ఖాళీగా ఉంది.

“పొద్దున్నే పోయి చూసొస్తున్నా. ఈ వయసులో ఇంట్లో వాళ్లకు చెప్పకుండా ఎవరికోసమో గట్టు మీద నిలబడటం బాగుండదు కానీ...” అని నవ్వారు. ఆయన భార్య నవ్వలేదు.

“ఇదంత వాతావరణం మారుడు వల్లనట గద సార్?” అన్నాను.

“అంతేనమ్మా. అక్కడ చలి ఆలస్యం, ఇక్కడ వాన ఆలస్యం. కానీ అది మా కమిటీ పరిధిలోకి రాదు. మా పరిధిలోవి టెంట్లు, భోజనాలు, కండువాలు.”

చివరికి దారి చూపింది అత్తమ్మే. కండువా నేల మీద పరిచి వేలు పెట్టింది. “బాతులు పైన ఉన్నయ్. తేదీ కింద కొసకున్నది. కొస కోసెయ్యి. జానెడు పొట్టిగైతది, కప్పుకునేటోనికి ఎర్కగాదు.”

బాతులు ఆమెవి, తేదీ నాది అన్న సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆ తేదీలో ఒక సున్నా ఉంది. సున్నా గుండ్రంగా తేలడానికి రెండుసార్లు నూలు పాడుచేసుకుని, మూడోసారి సాధించాను. పక్క దుకాణంలో దర్జీ దగ్గర కత్తెర తెచ్చుకుని నేనే కోశాను. నలభై కోతలు. దర్జీ అంచులు కుట్టి ఇచ్చాడు. సారు పొట్టి కండువా భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుని, ఇలాగే బాగుందన్నారు. నేను కోసిన ముక్కలన్నీ సంచిలో కుక్కుకున్నాను. పారేయబుద్ధి కాలేదు.

పని అయిపోయింది, ఇక బస్టాండుకు పోదామన్నాను. అత్తమ్మ లేవలేదు.

“బాతును జూడకుంట నేను రాను.”

సారు సిగ్గుపడి, తమ ఊళ్లో చెరువు పక్కనే ఉండే కుర్మయ్యకు కబురు చేశారు. “రెండు రోజులు వాళ్లింట్లో ఉండండమ్మా. వస్తే మీ అదృష్టం. రాకపోతే నాకున్నదే.”

చెరువు గట్టు

చెరువు నిండుకుండలా ఉంది. నాకు సంతోషం కలిగింది. కుర్మయ్య భార్య చెన్నమ్మకు కలగలేదు. నడివయసు మనిషి, మోకాళ్ల దాకా బురద. మమ్మల్ని చూసి ముందు అన్నం తిన్నారా అని అడిగి, తర్వాతే ఎవరని అడిగింది. మా ఊళ్లో వరస తిరగబడి ఉంటుంది.

“ఎన్కట గీ యాళ్లకు నీళ్లు జర గుంజి అంచుకు బురద తేలేది. కాళ్లు పొడుగున్న పిట్టలన్ని ఆ బురదలనే తిరిగేటియి. ఇప్పుడు దసరా పోయినంక వానలు, దీపావళి పోయినంక వానలు. బురద యాడిది? అవి ఈత నేర్వాలె ఇంక.”

“బాతులో?” అత్తమ్మ అసలు విషయానికి వచ్చింది.

చెన్నమ్మ మొహం మారింది. “వాటి మాటెత్తకమ్మా.”

కుర్మయ్య గట్టు కింద బెత్తెడు ఎత్తు మొలిచిన పచ్చని నారుమడి చూపించాడు. చలికాలపు రెండో పంట, యాసంగి వరికి పోసిన నారు. నెలలో పీకి నాటాలి. ఇంటికి ఆధారం అదే, వానాకాలం వరి కోతల ముందు వానలకు పడిపోయింది.

“మా నాయిన ఉన్నప్పుడు అవి వచ్చేటాలకు వరి కోసి కుప్పేసి ఉండేది,” అన్నాడు కుర్మయ్య. “రాలిన గింజలు ఏరుకుంట తిరిగేటియి. మాకేం నష్టం లేకుండె. సుట్టాలొచ్చిండ్రని ఊరంత గట్టు మీదికి వోయి చూసేది. ఇప్పుడు అవి నెల ఆలస్యంగొస్తున్నయ్. వచ్చేవరకు గింజలుండయ్, గీ లేత నారుంటది. ఆకలితోని అంత దూరమెగిరొచ్చింది, ఏం తింటది?”

“అప్పుడు సుట్టాలు, ఇప్పుడు దొంగలు,” అంది చెన్నమ్మ. “బాతులు అవ్వే.”

నా సంచిలోంచి కండువా ముక్క తొంగిచూస్తుంటే ఆమె కంటబడింది. అడిగి, అన్నీ తీసుకుంది. మడి చుట్టూ పుల్లలు పాతి ఒక్కోదానికి ఒక్కో ముక్క కట్టింది. గాలికి కదిలితే పిట్ట బెదురుతుందని ఆశ. నేను ఎంతో కష్టపడి తేల్చిన తేదీ ఆ సాయంత్రం నలభై చోట్ల రెపరెపలాడింది. దాన్ని చూడటానికి పక్షి ఒక్కటీ లేదు.

వాళ్లింట్లో జొన్నరొట్టె, పల్లీ పొడి వేసిన పచ్చిపులుసు తిన్నాం. వద్దన్నకొద్దీ వడ్డించారు. తమ మంచం అత్తమ్మకు ఇచ్చి వాళ్లు కింద పడుకున్నారు.

వచ్చాయి

మర్నాడు తెల్లవారుతుండగా లేచి చూస్తే అత్తమ్మ మంచం ఖాళీగా ఉంది. గట్టు దిక్కు నడిచాను. మంచు పలచగా ఉంది, ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి చేతులు కట్టుకోవాలనిపించింది. అత్తమ్మ గట్టు మీద రాయిపై కూర్చుని ఉంది. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

నారుమడిలో ముప్పై దాకా బాతులు. తెల్లని తలలు, నల్లగీతలు, నారింజరంగు కాళ్లు. కండువా ముక్కల మధ్య నుంచి తీరుబడిగా నడుస్తూ, గొర్రెలు మేసినట్టు లేతనారు కొరుకుతున్నాయి. తేదీ దాటి వచ్చామన్న బెరుకు ఒక్కదాని మొహంలోనూ లేదు.

“ఎప్పుడు దిగినయి?” గుసగుసగా అడిగాను.

“ఇంక చీకటుండంగనే. ఆఁక్, ఆఁక్ అనుకుంట ఒక్కతీరుగ దిగినయి పిల్లా.” ఆమె కళ్లు వాటి మీదే ఉన్నాయి.

“అత్తమ్మా, వాళ్ల నారు!”

“ఎర్కే.” చిన్నపిల్లలా బతిమాలింది. “ఇంకొక్కపారి అది మెడ తిప్పనియ్యి.”

నేను పిలవాలి. చెన్నమ్మ ఇల్లు కేకవేస్తే వినబడేంత దూరం. వాళ్ల ఉప్పు తిన్నాం, వాళ్ల మంచం మీద పడుకున్నాం. కానీ పక్కన ఆమె మొహం చూశాక నేనూ ఆ రాయికి ఆనుకుని కూర్చుండిపోయాను. ఒక బాతు మెడ వెనక్కి వంచి రెక్కలో ముక్కు పెట్టుకుంది. అత్తమ్మ వేళ్లు గాల్లో ముడి వేస్తున్నట్టు కదిలాయి. తర్వాత ఆమె లేచి నిలబడి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, రెండు చేతులూ చరుస్తూ, “హోయ్! హోయ్!” అని అరుస్తూ మడిలోకి దిగింది.

ఆ అరుపుకు చెన్నమ్మ స్టీలు తల్లెను, అంటే పళ్లేన్ని, గరిటెతో మోగిస్తూ పరుగెత్తుకొచ్చింది. కుర్మయ్య వచ్చాడు. బాతులు లేచాయి. మడిలో ఒక మూల నేల కనిపిస్తోంది, మంచమంత జాగా.

చెన్నమ్మ ఆ మూలను చూస్తూ నిలబడింది. అత్తమ్మ ఆమె దగ్గరికి నడిచింది. నేను చెయ్యి పట్టి ఆపబోతే విదిలించుకుంది.

“బిడ్డా, అవి దిగినప్పుడే నేను జూసిన. నిన్ను పిలువలె. చూసుకుంట కూసున్న.”

చెన్నమ్మ వంగి, ఆ మూలలో మిగిలిన నారు పోచలు తడిమింది. కోపమొచ్చిందని, సామాన్లు సర్దుకోవాలని నేను నిశ్చయించుకున్నాను.

“ఎంతసేపు జూసినవ్?” అని అడిగింది.

“మబ్బుల సంది. ఇంక తెల్లారకముందే కూసున్న.”

“పెండ్లయి వచ్చిన ఏడు నేను గూడ గట్లనే కూసున్న,” అంది చెన్నమ్మ. “నీ తీరుగనే నోరు తెరుసుకోని. అప్పుడు గింజలు తింటుండె, ఎవ్వరేమనలె. నీ నసీబు బాగలేదు, నారు యాళ్లకొచ్చినవ్.” తల్లె, గరిటె అత్తమ్మ చేతిలో పెట్టింది. “మల్ల వస్తయి. పట్టు.”

నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చాను

ఆ నారు పీకేదాకా అత్తమ్మ అక్కడే ఉంటానంది. మాటలు ఫలించలేదు. మా ఆయనకు ఫోన్ చేస్తే, అమ్మను నువ్వు తీసుకుపోయావు, నువ్వే తెచ్చుకో అన్నాడు. నేను వచ్చేశాను. తర్వాతి సంగతులు ఆమె తిరిగొచ్చాక చెప్పినవి.

బాతులు దిగాయని తెలియగానే సారు పండుగను మళ్లీ ముందుకు జరిపారు. స్టిక్కర్ల మీద స్టిక్కర్లు పడ్డాయి. మా కండువాలకు తేదీ లేదు కాబట్టి వాటికే ఏ బాధా లేదు. పండుగ రోజు పొద్దున అతిథులు గట్టు మీద కుర్చీల్లో కూర్చున్నారు. బాతులు మాత్రం చెరువులో లేవు. తల్లెల చప్పుడుకు బెదిరి దూరపు ఒడ్డున తలదాచుకున్నాయి. సారు చెమటలు తుడుచుకుంటూ మడి దగ్గరికి వచ్చారట.

“అమ్మా, ఒక్క గంట తల్లెలు ఆపండి. పెద్దవాళ్లొచ్చారు.”

“నేను ఆపుత సారూ,” అందట అత్తమ్మ. “గంటల అవి తిన్న నారు ఎవరు మొలిపిస్తరో అడిగిరాపో.”

సారు అడగడానికి వెళ్లలేదు. అక్కడే గట్టు మీద కూలబడి, జేబులోంచి సన్న పుస్తకం తీసి చూసుకుంటూ కూర్చున్నారట. ఆయనను చూసి చెన్నమ్మకే జాలి వేసి తల్లె కింద పెట్టింది. పది నిమిషాలు కాకముందే బాతులు గుంపుగా వచ్చి మడి మీద దిగబోయాయి. అప్పుడు తల్లె అందుకుని మొదట మోగించింది ఎవరో తెలుసా? సారు. మెడలో పొట్టి కండువా, చేతిలో చెన్నమ్మ తల్లె, నోట్లో హోయ్ హోయ్. వెనక అత్తమ్మ, చెన్నమ్మ. బాతులన్నీ ఒక్కసారిగా లేచి, కుర్చీల మీదుగా, టెంటు మీదుగా, అతిథుల నెత్తుల మీదుగా బారుగా వెళ్లాయట.

“అందరు లేసి చప్పట్లు కొట్టిండ్రు పిల్లా. వాళ్ల కోసమే ఎగిరిచ్చినమనుకున్నరు. సారు జూడు, తల్లె ఎన్క దాసుకోని దండం పెట్టిండు.”

అత్తమ్మ ఇదంతా చెప్పింది నాట్లు అయిపోయి ఇంటికొచ్చిన సాయంత్రం, కాళ్లకు నూనె రాయించుకుంటూ. మంచమంత మూల పోయినా మిగతా నారు దాదాపు చాలిందట. చాలనిచోట చెన్నమ్మ పక్కమడి వాళ్ల నారు బదులు తెచ్చి వేసిందట.

“ఇంక మల్ల ఏడు పోవా?” అని అడిగాను.

“పోత.”

“ఎప్పుడొస్తయో ఎర్కనా మరి?”

“సారుకే ఎర్కలేదు, నాకేం ఎర్క? దిగినంక చెన్నమ్మ ఫోన్ జేస్తనన్నది. మబ్బుల మొదటి బస్సుంటదా, కనుక్కో.”